రంగేస్తే చెమ్మ పోదు

"గోడకు బూజు పట్టిన ఫ్లాట్ కనిపిస్తే వదలొద్దు, అంతకంటే మంచి బేరం దొరకదు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నలుగురు పంపారు. అందులో ఒకాయన నిజంగానే విశాఖ మధురవాడలో ఫ్లాట్ చూస్తున్నారు. అడ్వాన్స్ ఇచ్చేలోపు ఇది చదువుతారని రాస్తున్నాను.

ఆ మెసేజ్ ప్రకారం, మూలల్లో కర్పూరం పెడితే బూజు పోతుందట. పోదు. వాసన మారుతుంది, అంతే.

బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగితే మళ్లీ రాదట. టైల్ మీదైతే సరే. సిమెంటు ప్లాస్టరు నీళ్లు పీల్చుకుంటుంది. పైన మచ్చ తెల్లబడుతుంది, లోపలి తడి అలాగే ఉంటుంది.

ఎండాకాలంలో అదే ఆరిపోతుందట. పైఅంతస్తు బాత్రూం నుంచి నీళ్లు దిగుతుంటే ఎలా ఆరుతుంది? పైవాళ్లు ఎండాకాలంలో స్నానం మానేస్తారా?

నాకు ఒళ్లు మండింది మాత్రం ఈ మాటకి: "రెండు కోటింగులు డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ కొట్టించండి, పిల్లలకేమీ కాదు." ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో ఒక తండ్రి ఫ్లాట్‌లో బూజు ఉందని 2017లో ఫిర్యాదు చేస్తే, ఆ ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ దానిమీద రంగేసుకోమంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన ఆయన కొడుకు అవాబ్ ఇషాక్ 2020 డిసెంబరులో, రెండేళ్ల వయసులో చనిపోయాడు. ఎక్కువకాలం బూజు పీల్చడం వల్ల శ్వాసకోశాలు దెబ్బతినే పోయాడని 2022లో విచారణాధికారి తేల్చారు. ఆ తర్వాత ఆ బిడ్డ పేరుతో అక్కడ చట్టమే వచ్చింది. ఇంత జరిగాక కూడా "ఏమీ కాదు" అని ఎవరి ధైర్యంతో రాస్తున్నారు? మా అక్కావాళ్లు కొన్న ఫ్లాట్‌కీ కొత్తగా రంగేసి ఉంది. ఆగస్టు వానలకు బీరువా వెనక గోడంతా నల్లబడింది. ఆస్తమా ఉన్న మా మేనల్లుడు ఆ వానాకాలమంతా హాల్లోనే పడుకున్నాడు. గదిలో ఒక్క గోడకే కొత్త రంగు కనిపిస్తే ముందు దాన్నే అనుమానించండి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. చెమ్మ ఉన్న ప్రతి ఇల్లూ వదులుకోనక్కర్లేదు, బేరమాడమన్న మాటా తప్పు కాదు. గోడమీద తెల్లగా పొడి రాలేది చాలాసార్లు బూజు కాదు, ఉప్పు. కాకపోతే అదీ తడి వల్లే తేలుతుంది. ఆ తడి ఎక్కడిదో ముందు తెలియాలి. పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో గోడకు అతికించి రెండ్రోజులు ఉంచండి. గోడవైపు నీటిచుక్కలు పడితే తడి గోడలోంచే వస్తోంది. గదివైపు పడితే గాలాడక పట్టిన చెమ్మ, అది కిటికీతోనో ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తోనో తీరవచ్చు. లీకు పైవాళ్లదైతే, రిపేరు చేయిస్తామని వాళ్లచేత రాయించుకున్నాకే ధర మాట్లాడండి. 2016 రెరా చట్టం (బిల్డర్ల నుంచి ఇల్లు కొనేవాళ్లకు రక్షణగా వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) కిందికొచ్చే ఫ్లాటైతే, స్వాధీనమిచ్చిన 5 ఏళ్లలోపు ఇలాంటి లోపం చూపిస్తే బిల్డరే 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఆ తేదీ అడగండి.

మధురవాడ అన్నగారూ, ఆ పడకగదిలో బీరువా జరిపించి చూశారా? ఓనరు జరపనంటే అడ్వాన్స్ ఇవ్వకండి.