ఆటో స్టార్టరు ఉండగా మట్టిని అడగడమెందుకు?

మొక్కకి దాహం ఎప్పుడు వేస్తుంది? పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్న ఈ ప్రశ్నకి మా ఆనందపురం వైపు ఎప్పుడో జవాబు దొరికింది. కరెంటు వచ్చినప్పుడు.

సర్కారు పగటిపూట 9 గంటలు ఉచితంగా ఇస్తోంది. మా చిన్నాన్న బోరుకి ఆటో స్టార్టరు బిగించాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది, వెంటనే టమాటాకి దాహం వేస్తుంది. కరెంటు పోగానే తీరిపోతుంది. ఇంత బుద్ధిగా మసలుకునే పంటని నేనింకెక్కడా చూడలేదు.

నేను వైజాగులో చదువుకుని చెడిపోయినవాణ్ణి. ఓ పొద్దున గునపంతో జానెడు లోతు తవ్వి, మట్టి తీసి గుప్పిట్లో పిసికాను. పైనంతా దుమ్మే గానీ లోపలి మట్టి ఉండ కట్టింది, అరచేతికి తడి మరక అంటింది, బొటనవేలితో నొక్కితే గానీ విడిపోలేదు. పదును ఉన్నట్టే కదా!

"ఏట్రా, చిన్నపిల్లడిలాగ మట్టితో ఆటలు?" అన్నాడు చిన్నాన్న.

లెక్క కూడా చెప్పి చూశాను. ఎండాకాలం రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్లు ఖర్చవుతాయనుకుందాం, ఎకరానికి దాదాపు 20 వేల లీటర్లు. వేళ్లు తిరిగే అడుగు లోతులో మన ఎర్ర గరప నేల పంటకి అందేలా ఓ 30 మిల్లీమీటర్లు దాచుకుంటుంది. అందులో సగం అయ్యాక తడి పెడితే చాలు. అంటే మూడు రోజులకోసారి.

చిన్నాన్న శ్రద్ధగా విన్నాడు. "మరి మిగతా రెండ్రోజులూ కరెంటునేం చేసుకుంటాం?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదు.

టెన్షియోమీటరని ఒకటుంది. వేరు నీళ్లు లాగడానికి ఎంత కష్టపడాలో ముల్లు కదిపి చూపిస్తుంది. మా ఊళ్లో ఆ పని పక్క పొలం మోటారు చేస్తుంది. అది మోగిందంటే మన పొలం ఎండినట్టే. ఇంకా అనుమానముంటే మధ్యాహ్నం ఒంటిగంటకి చేలోకి వెళ్లాలి. ఆ ఎండకి కింద తడి ఉన్నా ఆకులు వాలతాయి. సాయంత్రం సముద్రం గాలి తగిలి లేచి నిలబడతాయి. పేరు మాత్రం మోటారుకి.

మొన్న కుండపోత వాన. గట్టు మీద గొడుగు కింద నేనూ చిన్నాన్నా. మళ్లలోకి పైనుంచి ఆకాశం, పక్కనుంచి బోరు పోటీపడి పోస్తున్నాయి.

"ఆపెయ్ చిన్నాన్నా" అన్నాను.

"వానని నమ్ముకుంటామేట్రా? కరెంటైతే రేపు కూడా వస్తాది."