జిమ్ ఖరీదు నలభై డాలర్లు: ఒక నవల ముగింపుపై అరవై ఏళ్ల వాదం

తెలుగు పాఠకుల్లో చాలామందికి హకల్‌బెరీ ఫిన్ నండూరి రామమోహనరావు గారి అనువాదం ద్వారానే తెలుసు. తెప్ప మీద మిసిసిపీ నదిలో సాగిపోయే హక్ అనే కుర్రవాడి సాహసగాథగా దాన్ని చిన్నప్పుడు చదివి ఆనందించాం. అమెరికాలో మాత్రం ఆ పుస్తకం మీద తగవు ఇంకా తెగలేదు. మార్క్ ట్వేన్ 1876లో మొదలుపెట్టి 1883లో పూర్తిచేసిన ఈ నవల 1885లో అక్కడి పాఠకులకు అందగానే, మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం దాన్ని తన అరల్లోంచి తీసివేసింది. ఆనాటి అభ్యంతరమల్లా మొరటుతనం గురించే. సాహిత్య విమర్శకులు నిజంగా తలపడింది చాలాకాలం తర్వాత, నవలలోని చివరి పన్నెండు అధ్యాయాల విషయంలో. ఆ వ్యాసాలను వరుసగా చదివినప్పుడల్లా నాకు ఒకటే తోస్తుంది: ఈ నవల మీద రాసిన విమర్శ విలువను తేల్చే గీటురాయి, హక్‌తో పాటు ఆ తెప్ప మీద పారిపోయే నల్లజాతి బానిస జిమ్‌ను ఆ విమర్శకుడు ఎంత దగ్గరగా చూశాడన్నదే.

వివాదం అర్థం కావాలంటే 31వ అధ్యాయాన్ని కొంచెం నెమ్మదిగా చదవాలి. తెప్ప మీద చేరిన మోసగాడొకడు, తనను తాను రాజునని చెప్పుకునేవాడు, జిమ్‌ను నలభై డాలర్లకు పట్టిచ్చేస్తాడు. పారిపోయిన బానిసకు తోడ్పడటం పాపమని హక్‌కు పుట్టినప్పటి నుంచీ నూరిపోశారు. అందుకే జిమ్ ఎక్కడున్నాడో తెలుపుతూ అతని యజమానురాలు మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాస్తాడు. రాశాక పాపం కడిగేసుకున్నంత తేలికపడతాడు. కానీ కాగితం కిందపెట్టి ఆలోచనలో పడేసరికి నది మీది రాత్రులు గుర్తొస్తాయి. తన కాపలా వంతు ముగిశాక కూడా హక్‌ను లేపకుండా, అతని వంతు కాపలా కూడా తానే కాసిన జిమ్ కళ్లముందు నిలుస్తాడు. వణుకుతున్న చేత్తో ఆ కాగితం అందుకుని, నరకానికి పోతే పోయానులే అనుకుని చింపేస్తాడు. ధర్మమని నేర్పినదాన్ని కాదని మనిషిని ఎంచుకున్న ఆ క్షణాన్ని మించిన సన్నివేశం అమెరికన్ కథాసాహిత్యంలో నాకు తారసపడలేదు.

ఆ తర్వాత హక్ స్నేహితుడు టామ్ సాయర్ వచ్చిపడతాడు. గొళ్లెం తీసి విడిపించగలిగిన జిమ్‌ను గదిలోనే ఉంచి, తాను చదివిన కథల్లోని ఖైదీల పద్ధతిలో ఎలుకల మధ్య, పాముల మధ్య వారాల తరబడి నాటకం ఆడిస్తాడు. చివరికి తెలిసేదేమిటంటే, మిస్ వాట్సన్ రెండు నెలల క్రితమే చనిపోతూ వీలునామాలో జిమ్‌ను విముక్తుణ్ణి చేసింది. ఆ సంగతి టామ్‌కు మొదటి నుంచీ తెలుసు. ఓపిగ్గా ఖైదీ వేషం కట్టినందుకు అతను జిమ్ చేతిలో పెట్టిన సొమ్ము నలభై డాలర్లు. ట్వేన్ లెక్క చూసుకునే ఆ అంకెను మళ్లీ వాడాడని నేను నమ్ముతాను.

ఆధునిక అమెరికన్ సాహిత్యమంతా ఈ ఒక్క పుస్తకం నుంచే వచ్చిందని 1935లో ప్రకటించిన అమెరికన్ నవలాకారుడు హెమింగ్‌వే, జిమ్‌ను ఎత్తుకుపోయిన చోట చదవడం ఆపేయాలని, మిగిలినదంతా మోసమని కూడా అన్నాడు. 1948లో విమర్శకుడు లయొనెల్ ట్రిల్లింగ్, 1950లో కవి టి. ఎస్. ఎలియట్ ఈ నవలకు ముందుమాటలు రాస్తూ ముగింపును సమర్థించారు. మళ్లీ మరుగున పడిపోయే అవకాశాన్ని అది హక్‌కు ఇస్తుందని ట్రిల్లింగ్ అభిప్రాయం. మిసిసిపీ ఒడ్డునే ఉన్న సెయింట్ లూయిస్‌లో పుట్టిన ఎలియట్‌కు నదే ఇందులో దైవం. కథ మొదలైన ధోరణిలోనే ముగియడం ఆయనకు సమంజసంగా తోచింది. ఈ ఇద్దరూ శిల్పాన్నే చూశారు. గదిలో సంకెళ్లతో ఉన్న మనిషి మీద వాళ్ల దృష్టి నిలవలేదు.

1953లో అమెరికన్ విమర్శకుడు లియో మార్క్స్ ఒక పత్రికా వ్యాసంలో వాళ్లిద్దరికీ పేరుపెట్టి మరీ బదులిచ్చాడు. స్వేచ్ఛ కోసం సాగిన ప్రయాణాన్ని ముగింపు వెక్కిరింతగా మార్చేసిందని, శిల్పం కుదిరినంత మాత్రాన నైతిక వైఫల్యం కప్పబడదని ఆయన వాదం. ముందుమాట రాసేవారికి ఉండే మొహమాటం పత్రికలో జవాబు రాసేవారికి ఉండదు. విమర్శకు ఆ స్వేచ్ఛ ఎంత అవసరమో ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది.

అయితే వాదం ఇలా రెండు పక్షాలుగా తేలిగ్గా విడిపోలేదు. నల్లజాతి రచయిత రాల్ఫ్ ఎల్లిసన్ హెమింగ్‌వేనే తప్పుపట్టాడు. పిల్లలు జిమ్‌ను విడిపించాలని పూనుకోవడమే నవలకు నైతికంగా ప్రాణమని, దాన్ని కొట్టిపారేసినవారు పుస్తకంలోని అసలు సమస్యనే వదిలేశారని ఆయన అన్నాడు. అదే ఎల్లిసన్ 1958లో మరో వ్యాసంలో, తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని ఆడిన వినోద ప్రదర్శనల మూసలోనే ట్వేన్ జిమ్‌ను తీర్చాడని, ఆ ముసుగు వెనక నుంచే జిమ్ హుందాతనం బయటపడుతుందని గమనించాడు. ముసుగునూ ముఖాన్నీ ఒకేసారి చూపిన ఈ వ్యాసం ముందు మిగిలినవి నాకు ఒంటికంటి చూపులుగా అనిపిస్తాయి.

నల్లజాతి నవలా రచయిత్రి టోనీ మోరిసన్ 1992 నాటి విమర్శ గ్రంథంలో ప్రశ్ననే మార్చేసింది. జిమ్ విడుదల అంతగా ఎందుకు వాయిదా పడుతోందంటే, బానిస ఒకడు పక్కన లేకపోతే హక్ స్వేచ్ఛకు అర్థమే ఉండదు కాబట్టి, అన్నది ఆమె సమాధానం. 1996లో నవలా రచయిత్రి జేన్ స్మైలీ మరింత నిర్మొహమాటంగా అడిగింది: నదికి అవతలి ఒడ్డునే ఇలినాయ్ ఉండగా, బానిసత్వం లేని ఆ రాష్ట్రంలోకి దాటకుండా తెప్ప దక్షిణానికి ఎందుకు పోయింది? పారిపోయిన బానిసలను ఇలినాయ్‌లోనూ పట్టుకునేవారన్న జవాబు ఉంది. కానీ జిమ్ కోరికకు కథ ఎంత విలువ ఇచ్చిందన్న ఆమె నిలదీతకు అది పూర్తి జవాబు కాదు.

1995లో సాహిత్య ఆచార్యులు జెరాల్డ్ గ్రాఫ్, జేమ్స్ ఫెలన్ నవలనూ దాని మీది వివాదాన్నీ కలిపి ఒకే సంపుటిగా తెచ్చారు. విద్యార్థికి తీర్పు అందించకుండా తగవునే అందించే ఇలాంటి సంపుటాలు మన నవలలకూ రావాలని గట్టిగా కోరుకుంటాను.

నా మటుకు నేను ఈ ముగింపును అది రాసిన కాలంలో పెట్టి చదువుతాను. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో నల్లవారి హక్కులకు కాపుగా ఉన్న పునర్నిర్మాణ వ్యవస్థ 1877లో కూలిపోయింది. చట్టం విముక్తి ఇచ్చినవారిని ఊళ్లు మళ్లీ బందీలుగా చేస్తున్న ఆ ఏళ్లలోనే ట్వేన్ ఈ పుస్తకం రాశాడు. కాగితం మీద స్వేచ్ఛ దక్కిన మనిషిని గదిలో పెట్టి ఖైదీ ఆట ఆడించడం ఆ కాలానికి సరిపోయే బొమ్మే. ట్వేన్ ఉద్దేశించాడో లేదో గానీ, పుస్తకంలో అది ఉంది.

అయినా ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. 16వ అధ్యాయంలో జిమ్, స్వేచ్ఛ దొరికాక పైసా పైసా కూడబెట్టి భార్యను కొనుక్కుంటానని, ఆ తర్వాత ఇద్దరూ కష్టపడి పిల్లలిద్దర్నీ విడిపించుకుంటామని చెబుతాడు. 23వ అధ్యాయంలో, జ్వరం వల్ల చెవుడు వచ్చిందని తెలియక నాలుగేళ్ల కూతురు లిజబెత్‌ను చెప్పినమాట వినలేదని కొట్టినందుకు కుమిలిపోతాడు. చివరి అధ్యాయంలో టామ్ కొత్త సాహసాలకు పథకం వేస్తాడు, జిమ్ నలభై డాలర్లు చూసుకుని మురిసిపోతాడు. భార్య ప్రస్తావన గానీ, లిజబెత్ పేరు గానీ అక్కడ ఒక్కసారైనా రాదు.