కారుకి కాపడం

మా బావమరిది ఆరు నెలల ఆన్‌సైట్ పని మీద అమెరికా వెళ్తూ కారు తాళాలు నా చేతిలో పెట్టాడు. "వారానికోసారి ఓ రౌండ్ వెయ్యి బావా, బ్యాటరీ దిగిపోకుండా. మిగతాదంతా నీ ఇష్టం" అన్నాడు. ఆ మిగతాదే నా కొంప ముంచింది.

కారు కొని ఎనిమిది నెలలు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తియ్యలేదు. రంగు నలుపు. మామూలు నలుపు కాదు, బానెట్‌లో చూసుకుంటూ గడ్డం గీసుకోవచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లో మాకున్నది ఒక్కటే పార్కింగు. అందులో నా పాత కారుంది. కాబట్టి కొత్తది వీధిలో పెట్టాలి. బెజవాడ ఎండ సంగతి తెలిసిందే కదా, ఫిబ్రవరికే రోడ్డు సెగలు కక్కుతుంది. పరాయి సొమ్ము, అందులోనూ అత్తారి సొమ్ము, ఎండలో ఎలా వదిలేస్తాం? ఎదురింటి ప్రహరీ మీంచి ఓ మామిడి కొమ్మ వీధిలోకి వాలి, కింద చక్కగా కారంత నీడ పరిచి ఉంది. నా కోసమే పెంచారా అనిపించింది. ఒక కవరు కొనొచ్చు కదా అని మీరు అడగొచ్చు. మా ఆవిడా అడిగింది.

వారం తర్వాత చూస్తే కారంతా సన్నటి చుక్కలు, ఆరిపోయిన పాకంలాగా. చెయ్యి పెడితే అతుక్కుంటోంది. చీమలు బారులు తీరి టైర్ల మీదుగా పైకెక్కుతున్నాయి. పైన చూస్తే చెట్టు నిండా పూత. నాకు వెంటనే అర్థమైంది. అదే నాతో వచ్చిన చిక్కు, నాకన్నీ వెంటనే అర్థమైపోతాయి. వేలికి అంటిన జిగురు కొంచెం నాలిక మీద పెట్టుకున్నాను. తియ్యగా ఉంది!

"పూతలోంచి తేనె కారుతోందోయ్! నువ్వూ రుచి చూడు" అన్నాను.

మా ఆవిడ చూడలేదు. వాచ్‌మన్ కూడా వద్దన్నాడు. నేనే ఇంకోసారి చూశాను.

తేనే కదా, నీళ్ళు పోస్తే పోతుందిలే అని వదిలేశాను. ఈలోగా కైకలూరులో పెళ్ళి వచ్చింది. కారుకి రౌండ్ కూడా వేసినట్టుంటుందని దాంట్లోనే వెళ్ళాం. రాత్రి భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. ఆ దారంతా చేపల చెరువులు. హెడ్‌లైట్లు వెయ్యగానే ఆ చెరువుల మీది పురుగులన్నీ మాకు ఎదురొచ్చాయి. గుడివాడ దాకా అద్దం మీద టపటపమని ఒకటే వాన. వైపర్ వేశాను. అద్దం మీద మజ్జిగ పులుసు పరుచుకుంది. "ఆపండి బాబూ, రోడ్డు కనపడట్లేదు" అంది మా ఆవిడ. నాకెంత కనపడుతోందో నేను చెప్పలేదు.

పొద్దున్నే కడిగి ఉంటే సరిపోయేది. నేను లేచేసరికి పది. అప్పటికే ఎండ కొమ్మ సందుల్లోంచి దిగి తన పని తాను చేసేసింది. ముందు బంపరూ బానెట్ అంచూ నువ్వులద్దిన అరిసెలా ఉన్నాయి. వెనక జిగురు, ముందు పురుగులు. బకెట్ నీళ్ళు పోశాను. నీళ్ళు జారిపోయాయి, నువ్వులు కదల్లేదు.

వీధిలో కారు కడుగుతుంటే సలహాలకి కొదవుండదు. కిరసనాయిలు అన్నాడొకాయన. మూడో ఫ్లోర్ రిటైర్డ్ హెడ్మాస్టారు పైనుంచే "చింతపండూ!" అని కేకేశారు. బహుశా ఆయనకి ఇది ఇత్తడి కారులా కనపడి ఉంటుంది. కొబ్బరినూనె రాసి కాసేపు నాననివ్వమంది మా ఆవిడ. వాటన్నిటిలో కాస్త పనికొచ్చేది అదొక్కటే అని తర్వాత తెలిసింది. అందుకే కాబోలు వినలేదు.

నేరుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమే పచ్చ పీచు తెచ్చాను. మాడిన పాలగిన్నె దాంతో తళతళలాడటం రోజూ చూస్తున్నవాణ్ణే. బానెట్ మీద సబ్బు వేసి, గుండ్రంగా, లయబద్ధంగా, చెమటలు కక్కుతూ ఇరవై నిమిషాలు తోమాను. పురుగులు పోయాయి. నీళ్ళు కొట్టి, తుడిచి, ఒకడుగు వెనక్కి వేసి చూశాను.

బానెట్ మీద సూర్యుడు కనపడ్డాడు. ఆయన చుట్టూ సాలెగూడు. గుండ్రటి సన్న గీతలు, వందలు. తల ఇటు వంచితే గూడు ఇటొచ్చింది, అటు వంచితే అటెళ్ళింది. గడ్డం గీసుకోవడం కాదు కదా, అందులో నా ముఖం ముఖంలాగే లేదు.

టెన్షన్‌లో ఫోన్ తీసి వీడియోలు చూశాను. గీతలకి టూత్‌పేస్టు దివ్యంగా పనిచేస్తుందన్నాడు ఒకడు. సగం ట్యూబు పూశాను. కారు లవంగం వాసన వచ్చింది. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే నూజివీడు నుంచి మా మావగారు దిగారు, రెండు బూడిద గుమ్మడికాయలతో. ఆయనకి పదెకరాల మామిడితోట ఉంది. కారేమో ఆయన కొడుకుది. నేను బానెట్‌కి అడ్డంగా నిలబడి, "రండి మావయ్యగారూ, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాను. ఆయన నన్ను తప్పించుకుని కారు వెనక్కి వెళ్ళారు. పైకప్పు మీద జిగురు వేలితో తాకి, తలెత్తి చెట్టువైపు చూశారు.

"తేనెమంచు" అన్నారు.

"అవునండీ, పూత తేనె" అన్నాను.

"తేనె కాదు అల్లుడుగారూ, తేనెమంచు పురుగు. పూతకి పడుతుంది. గోధుమగింజంత ఉంటుంది. కాడల్లో రసం పీల్చి, ఒంటికి పట్టినంత ఉంచుకుని, మిగతా తీపినీళ్ళు బయటికి వదిలేస్తుంది."

"బయటికంటే?"

"వెనకనుంచి."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకి సంగతి తెలియక ఇంకా చెబుతూనే ఉన్నారు. ఆ జిగురు మీద మసి పడుతుందట, తోటలో ఆకులు నల్లబడేది అందుకేనట, పూత మాడి కాపు పోతుందట. "మందు కొట్టాల్సింది కారుకి కాదండీ, చెట్టుకి" అన్నారు. నేను అప్పటికే మూడోసారి పుక్కిలిస్తున్నాను.

సాయంత్రం కారుని నీడలోకి, అంటే ఈసారి గోడ నీడలోకి, జరిపించారు. పొయ్యి మీద గోరువెచ్చగా నీళ్ళు కాయించి, మెత్తటి పాత తువ్వాళ్ళు ముంచి, కారేటట్టుగానే జిగురు మీద పరిచారు. సెగగడ్డకి కాపడం పెట్టినట్టే. రుద్దబోయాను, చెయ్యి పట్టుకున్నారు. "నాననివ్వండి. తొందరెందుకు?" పది నిమిషాల తర్వాత తువ్వాలు ఎత్తితే జిగురు దాంతోపాటే లేచొచ్చింది. బంపరు మీద మిగిలిన పురుగులూ అంతే. నేను ఇరవై నిమిషాలు చెమటోడ్చింది దీనికా అనిపించింది. కొమ్మ విరిగినచోట కారిన అసలు బంక మాత్రం పైకప్పు మీద నాలుగు చుక్కలు గట్టిపడి ఉంది, అది కాపడానికి లొంగలేదు. దానికి 2020లో భయం కొద్దీ కొన్న అయిదు లీటర్ల శానిటైజర్ డబ్బా అటకమీంచి దిగింది. గుడ్డకి కాస్త అద్ది ఒత్తిపట్టి, మెల్లగా తుడిచి, వెంటనే నీళ్ళతో కడిగేశాం. చేతుల మీద కన్నా కారు మీదే బాగా పనిచేసింది.

బానెట్ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగారు. గీతలు చూశారు. పీచు చూశారు. నన్ను చూశారు. ఏమీ అనలేదు. అల్లుణ్ణి కదా.

మర్నాడు, శనివారం, పాలిష్ చేసే షాపుకి తీసుకెళ్ళాను. కుర్రాడు బానెట్ మీద గోరుతో గీరి చూశాడు. "గోరు పట్టట్లేదు సార్, పైపైనే. రంగు మీద క్లియర్ కోట్ అని అద్దంలాంటి పొర ఉంటది, వెంట్రుకకన్నా పల్చన. మీరు దాన్ని తోమారు. పాలిష్ కొడితే పోతాయి, కానీ పాలిష్ కొట్టినప్పుడల్లా ఆ పొర కొంచెం అరుగుతుంది. మళ్ళీ మళ్ళీ తేకండి" అన్నాడు. ఎప్పుడు తేవాలంటే మంగళవారం అన్నాడు. "దేంతో తోమారు సార్?" అనడిగాడు. మా పనిమనిషి అన్నాను.

ఆదివారం పొద్దున్నే బావమరిది వీడియో కాల్. అక్కనీ నాన్ననీ పలకరించి, "బావా, ఒక్కసారి కిందకి దిగి నా బండి చూపించవా" అన్నాడు. నా కాళ్ళు చల్లబడ్డాయి. లిఫ్టున్నా మెట్లమీదుగా దిగాను, ఒక్కో మెట్టే. మా ఆవిడ ఇందాకే ఎక్కడికో దిగి వెళ్ళింది.

కారు నడివీధిలో నిండు ఎండలో ఉంది. బానెట్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిపిన పాత చీర పరిచి ఉంది. దాని మీద వరసలు వరసలుగా గుమ్మడి వడియాలు. మా ఆవిడ చేతికంటిన పిండి దులుపుకుంటూ ఫోన్‌లోకి చూసింది. "డాబా మీద కోతులురా. నీ బండైతే కాకి వాలినా ఇక్కణ్ణుంచి కనపడుతుంది."

నేను ఊపిరి బిగబట్టాను. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం.

"అక్కా" అన్నాడు వాడు గొంతు బొంగురుపోయి, "వచ్చేవాళ్ళెవరైనా ఉంటే నాకో కేజీ పంపవే."