మూడున్నర లీటర్ల జ్ఞానం

కారుకి ఆయిల్ మార్చే టైం అయిందని నాకు గుర్తుచేసింది ముందు అద్దం మూలన అంటించిన చిన్న స్టిక్కరు. కిందటి సర్వీసప్పుడు షెడ్డు కుర్రాడు పెన్నుతో రాసిన అంకెను దాటి అప్పటికే ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగేశాం. మామూలు మనిషైతే బండిని షెడ్డులో వదిలేసి సాయంత్రం పోయి తెచ్చుకుంటాడు. ఐదేళ్ళుగా నేనూ అదే చేశాను. ఈసారి మాత్రం, అసలు మన బండిలో ఏం పోస్తున్నారో మనకే తెలియకపోతే ఎట్టా అని ఒక అనుమానం వచ్చింది. వచ్చింది వచ్చినట్టు పోలేదు. మూడు వారాలు మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

ఆటోనగర్‌లో ఒక కొట్టుకి వెళ్ళి "కారుకి ఇంజన్ ఆయిల్ ఇవ్వన్నా" అన్నాను.

"ఏది?" అని అతను వెనక ఉన్న అరల వైపు చెయ్యి ఊపాడు.

0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50. మళ్ళీ వాటిలో మినరల్, సెమీ సింథటిక్, ఫుల్ సింథటిక్. మా ఆవిడతో పెళ్ళి చీరల కొట్టులో మూడు గంటలు కూర్చున్నప్పుడు కూడా నాకు ఇంత అయోమయం కలగలేదు.

"ఈ డబ్ల్యూ అంటే ఏందన్నా?"

"వెయిట్" అన్నాడతను తడుముకోకుండా.

"వాటర్ అంటారే! అంత పల్చగా ఉంటదని" అన్నాడు పక్కన ఫ్యాన్ బెల్టు కోసం నిలబడ్డ ఆటో డ్రైవరు.

ఇద్దరూ వాదించుకుంటూ ఉండగా నేను ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాను. రాత్రి భోజనం చేశాక చదువు మొదలుపెట్టాను. తేలిందేమంటే, డబ్ల్యూ అంటే వెయిటూ కాదు, వాటరూ కాదు. వింటర్. చలికాలం! 5డబ్ల్యూ అన్న ఆయిల్ మైనస్ 30 డిగ్రీల చలిలో కూడా ఇంజన్ తిరగగలిగేంత పల్చగా ఉండాలట. 0డబ్ల్యూ అయితే మైనస్ 35లో. ఇది చదువుతున్నది నెల్లూరు వేదాయపాళెంలో, మే నెలాఖరులో, రోహిణి కార్తెలో. కరెంటు పోయి గంటయింది, బనియను పిండితే చెంబుడు నీళ్ళొచ్చేట్టున్నాయి. మా ఊళ్ళో భోగి మంట వేసుకునేది చలికి కాదు, పండగ కాబట్టి. అటువంటి ఊళ్ళో నాకు మైనస్ 30 ఎందుకు?

ఈ సందేహం మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె గిన్నెలు సర్దుకుంటూ, "మొన్నటి చేపల పులుసు గుర్తుందా?" అంది.

"ఎందుకుండదు?"

"పొయ్యి మీద ఉన్నప్పుడు ఎట్టుండె? పల్చగా. పొద్దున గిన్నెలో ఎట్టుండె? చిక్కగా. మీ ఆయిల్ కూడా అంతే గదా. మొదటి అంకె పొద్దున పులుసు, రెండో అంకె పొయ్యి మీద పులుసు."

మూడు రాత్రులు నేను చదివింది ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. నిజానికి అంతే. రెండో అంకె, ఆ 30, వంద డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కదనం నిలబెట్టుకుంటుందో చెప్పేది. బాగా వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్ కాగేది ఆ చుట్టుపక్కలే. దాంతో పోలిస్తే నెల్లూరు తెల్లవారుజాము ముప్పై డిగ్రీలు కూడా చలే. ఆయిల్ లెక్క ప్రకారం మా ఊళ్ళో పన్నెండు నెలలూ చలికాలమే అన్నమాట. పొద్దున్నే తాళం తిప్పగానే చిక్కగా ఉన్న ఆయిల్ పైదాకా ఎక్కేలోపు లోపలి ఇనుము ఒట్టి ఇనుముతో రాసుకుంటుంది కాబట్టి, మొదటి అంకె చిన్నదైతే మనకీ మంచిదే. పైగా సింథటిక్ అయితే వేడికి తొందరగా పాడవదు, మడ్డి తక్కువ కడుతుంది.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ కొత్తగా చదువు అబ్బినవాడు ఊరుకుంటాడా? డబ్బా మీద ఆయిల్ తరగతి చెప్పే ఇంకో రెండక్షరాలు ఉంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోలు బండికి, సి తో మొదలైతే డీజిలు బండికి. పెట్రోలు వరుస ఎస్.ఎ. దగ్గర మొదలై, మధ్యలో ఎస్.ఐ., ఎస్.కె., ఎస్.ఓ. లను వదిలేసి, 2020లో ఎస్.పి. కి వచ్చింది. సరే, ఎస్.పి. కొందాం అని నేను నిర్ణయించుకునేలోపు 2025లో ఎస్.క్యూ. కూడా వచ్చేసిందని తెలిసింది. చదువుతుండగానే సిలబస్ మారడం నాకు ఇంటర్ నుంచీ అలవాటే.

సింథటిక్ అన్న మాట కథ ఇంకా గమ్మత్తు. రసాయనాలతో కొత్తగా తయారుచేసిన నూనెనే కాకుండా, ముడి చమురునే గట్టిగా శుద్ధి చేసి, దాని అణువుల అమరికే మార్చేసిన నూనెను కూడా సింథటిక్ అని అమ్ముకోవచ్చా అని అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు పంచాయితీ పెట్టుకున్నాయి. 1999లో, అమ్ముకోవచ్చు అని తీర్పొచ్చింది. అంటే డబ్బా మీద ఫుల్ సింథటిక్ అని రాసి ఉన్నా లోపల ఉన్నది ఏ జాతిదో చెప్పలేం. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడకి కూడా పట్టలేదు, ఎందుకంటే నేను లేపి మరీ చెప్పాను.

సలహాలకు కొదవలేదు. మినియాపొలిస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు 0డబ్ల్యూ-20 తప్ప వేరేది పోస్తే పాపం అన్నాడు. జనవరిలో వాడి ఇంటిముందు మంచు మోకాలి లోతు ఉంటుంది. వాడి పాపం వాడిది. మా బామ్మర్దికి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. వాడి మాట ఇంకోటి.

"ఎందుకు బావా ఇంత ఇది? నా జనరేటర్‌కి పోసేదే రెండు లీటర్లు తెస్తా. 15డబ్ల్యూ-40. రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాది, నీ కారు తిప్పలేదా?"

"అది డీజిల్ ఆయిల్‌రా."

"రొయ్యలకి తేడా తెలవలా ఇప్పటిదాకా."

మధ్యలో ఒకసారి మా మెకానిక్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళుగా ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న మనిషి. నేను ఎస్.పి., సింథటిక్, అణువుల అమరిక అని ఐదు నిమిషాలు మాట్లాడాక, "సార్, ఆయిల్ పోసే మూత మీద రాసుంటది, చూడండి. లేదంటే బుక్కులో ఉంటది" అన్నాడు. నాకు చిన్నతనంగా అనిపించింది. ఇంత చదివినవాణ్ణి పట్టుకుని మూత చూసుకోమంటాడా? ఆ కోపంలోనే, ఆయిల్ నేనే మార్చుకుంటాను అని నిర్ణయించుకున్నాను.

మొత్తానికి 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ మూడున్నర లీటర్ల డబ్బా కొన్నాను. ఫిల్టరు కూడా. డబ్బా రెండు రోజులు హాల్లో టీవీ పక్కన ఉంది. వచ్చినవాళ్ళకి చూపించాను.

ఆదివారం పొద్దున్నే గేటు ముందు ర్యాంపు మీదికి ముందు చక్రాలు ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ఇటుకలు పెట్టాను. బామ్మర్ది స్పానర్ల పెట్టె తెచ్చాడు. మా ఆవిడ ఒక పాత బేసిను ఇచ్చి, ఇది మళ్ళీ ఇంట్లోకి రాకూడదని చెప్పి పోయింది. పక్కింటి రిటైర్డ్ తహసీల్దారు గారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని ప్రహరీ మీద మోచేతులు ఆనించారు.

బండి కింద పడుకుని టార్చి వేస్తే రెండు బోల్టులు కనిపించాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఇన్ని రోజుల చదువులో ఈ సంగతి ఎక్కడా రాలేదు.

"ఏది విప్పేది బావా?"

"పెద్దదే అయ్యుంటుందిరా. ముఖ్యమైనది కాకపోతే అంత పెద్దది ఎందుకు పెడతారు?"

తర్కంలో లోపం ఎక్కడుందో ఇప్పటికీ నాకు సరిగ్గా అంతుపట్టలేదు.

బోల్టు ఊడింది. బేసినులోకి ఆయిల్ ధారగా దిగింది. ఎట్లా ఉందంటే, పుట్టతేనె! నలుపు అన్నదే లేదు. "చూశావా, పదివేల కిలోమీటర్లు తిరిగినా రంగు మారలా! కిందటిసారి పోసినాయన మంచోడురా" అన్నాను. అతన్ని అనవసరంగా అనుమానించినందుకు మనసులో క్షమాపణ కూడా చెప్పుకున్నాను. కాస్త కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చింది. అది వీధి కాలువది అనుకున్నాం. బేసినులోకి రెండు లీటర్లే దిగింది. మిగిలింది ఇంజన్ తాగేసి ఉంటుందని బామ్మర్ది అన్నాడు. ప్రతి దానికీ ఏదో ఒక సమాధానం వాడి దగ్గర సిద్ధంగా ఉంటుంది.

ఫిల్టరు మాత్రం ఎంత తిప్పినా రాలేదు. చెయ్యి జారింది, గుడ్డ కట్టి తిప్పాం, బామ్మర్ది ఏవో బూతులు తిట్టాడు, అయినా రాలేదు. వచ్చి ఉంటే అందులోంచి నల్లటి ఆయిల్ కారేది, కథ అక్కడే బయటపడేది. "వచ్చేసారి చూద్దాం లే బావా" అన్నాడు. బోల్టు బిగించి, పైన మూత తిప్పి తీసి బానెట్ అంచున బోర్లా పెట్టి, గరాటు పెట్టి డబ్బా మొత్తం పోశాను. చివరి చుక్క దాకా, చంటిపిల్లకి మందు పోసినంత జాగ్రత్తగా.

డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీతను దాటి, దాని మీద ఇంకా జానెడు దాకా ఉంది.

"బండి ఏటవాలుగా ఉంది గదా" అన్నాను.

ఇటుకలు తీసి, న్యూట్రల్‌లో వెనక్కి దొర్లించి చదునైన చోట నిలిపాం. అప్పుడూ జానెడే.

"స్టార్ట్ చేస్తే ఫిల్టరు కొంచెం తాగుద్ది, దిగుద్ది" అన్నాడు బామ్మర్ది. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఫిల్టరు నిండితే మట్టం కాస్త తగ్గే మాట నిజమే. కానీ ఎప్పటినుంచో నిండి ఉన్న పాత ఫిల్టరు ఇంకేం తాగుతుంది?

తాళం తిప్పాను. ఇంజన్ గొంతు మారింది, మజ్జిగ చిలికినట్టు ఏదో చప్పుడు. తర్వాత వెనక గొట్టంలోంచి కొంచెం పొగ. ఆ తర్వాత కొంచెం కాదు. తెల్లగా, నీలంగా, మేఘం మేఘంగా వీధంతా కమ్మేసింది. మూడో ఇంట్లోంచి ఒకావిడ "దోమల మందు బండి వచ్చినట్టుందే, కిటికీలు వెయ్యండి!" అని అరిచింది. ఆ మాట వినడం ఆలస్యం, వీధిలో పిల్లలంతా కేకలేసుకుంటూ పొగలోకి దూకారు. "ఆదివారం కూడానా! బాగా పనిచేస్తున్నారే!" అన్న తహసీల్దారు గారి గొంతు వినిపించింది గానీ మనిషి కనపడలేదు. నేను తాళం తిప్పి ఆపేశాను. పొగ పల్చబడ్డాక చూస్తే, మా బండి చుట్టూ పదకొండు మంది పిల్లలు నిలబడి, ఇంకోసారి వెయ్యమని అడుగుతున్నారు.

భాయ్ గంటలో వచ్చాడు. ఏం జరిగిందని అడగలేదు. డిప్ స్టిక్ తీసి చూశాడు, మళ్ళీ పెట్టేశాడు.

"పాత ఆయిల్ యాడుండాది సార్?"

బేసిను చూపించాను, కొంచెం గర్వంగానే. అతను వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూశాడు.

"ఇది గేర్ బాక్సుది సార్."

ఎవరూ మాట్లాడలేదు.

"ఇంజన్‌ది నల్లగా వస్తది గదా సార్."

"మంచి ఆయిల్ అనుకున్నా భాయ్. సింథటిక్..."

భాయ్ లేచి, స్పానర్ తెచ్చుకుంటానని తన బైకు దగ్గరికి పోయాడు. స్పానర్ కోసం అంతసేపు ఎందుకు పట్టిందో, అతని భుజాలు ఎందుకు అట్లా కదిలాయో నేను అడగలేదు. తిరిగొచ్చాక మాత్రం ముఖం మామూలుగానే ఉంది. "నడిపారా సార్?" అన్నాడు. లేదన్నాను. "అదృష్టం. ఖాళీ గేర్ బాక్సుతో ఊళ్ళోకి పోయుంటే నాకు పెద్ద పని దొరికేది." ఇంజన్ సంగతీ చెప్పాడు. మట్టం అంత పెరిగితే కింద తిరిగే క్రాంక్ ఆయిల్‌ని నురగ చేసేస్తుందట, ఆ నురగ గాలి దారిలోకి పోయి మండుతుందట. మజ్జిగ చప్పుడు నా చెవులకే వినిపించింది కాబట్టి నమ్మాను.

చిన్న బోల్టు విప్పాడు. ఆరున్నర లీటర్లు దిగింది. పదివేల కిలోమీటర్లు తిరిగిన మూడు లీటర్ల నలుపులో నా మూడు వారాల సింథటిక్ కలిసిపోయి, ఏది ఏదో తెలియకుండా అయింది. ఫిల్టరు భాయ్ చేతికి ఒక్క తిప్పుకే వచ్చేసింది. ఎయిర్ ఫిల్టరు నూనెలో ముంచిన గారెలాగా ఉంది. అది పారేయాల్సిందే అన్నాడు. స్పార్క్ ప్లగ్గులు తుడిచి పెట్టాడు.

"గేర్ బాక్సుకి, ఇంజన్‌కి ఆయిల్ తెప్పిస్తా సార్. ఇంజన్‌కి ఏది తెమ్మంటారు?"

బామ్మర్ది నా వైపు చూశాడు. గుమ్మంలో నిలబడి మా ఆవిడ కూడా చూసింది. నా దగ్గర ఎస్.పి. ఉంది, ఎస్.క్యూ. ఉంది, 1999 తీర్పు ఉంది.

"నీ ఇష్టం భాయ్" అన్నాను.

భాయ్ బానెట్ అంచున బోర్లా ఉన్న మూతను తిప్పి చూశాడు. దాని మీద తెల్ల అక్షరాలతో 5డబ్ల్యూ-30 అని ఉంది. షెడ్డు కుర్రాడికి ఫోన్ చేసి అదే తెమ్మన్నాడు.

అంతా అయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. మా ఆవిడ భాయ్‌ని కూడా భోజనానికి ఉండమంది. ఆ రోజు పులుసు ఉంది, దాని చిక్కదనం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం ప్రహరీ అవతల నుంచి తహసీల్దారు గారు పిలిచారు. చేతిలో ఖాళీ క్యాను ఉంది.

"అబ్బయ్యా, ఆ పాత ఆయిల్ పారెయ్యొద్దు, మాకు పొయ్యి. గేటు కీళ్ళు ఒకటే కిర్రుమంటా ఉండాయి."

ఆరున్నర లీటర్లలో ఆయనకు కావలసినంత పోశాను. ఆయన క్యాను పైకెత్తి వెలుతురులో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు అనుమానంగా తిరిగారు.

"ఇది ఏ గ్రేడు?"