గేసు అయిపోనాది బాబూ

మన జాతికి ఉన్నది ఒకటే రోగం. దాని పేరు గ్యాసు.

పెళ్ళి భోజనం చేశాక పొట్ట ఉబ్బితే గ్యాసు. నడుం పట్టేస్తే గ్యాసు. మా పెద్దమామయ్యకి అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని గ్యాసని తీర్మానించి, గుప్పెడు వాము నమిలించారు. తెల్లారాక బరంపురం తీసుకెళ్తే స్టెంటు వేశారు. అయినా మా ఇంట్లో ఆ సంఘటనని ఇప్పటికీ "మామయ్యకి గ్యాసు వచ్చినప్పుడు" అనే చెప్పుకుంటారు.

ఇప్పుడా రోగం ఫ్రిజ్‌లకి అంటుకుంది.

మాది పర్లాకిమిడి, ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న ఊరు. మొన్న ఏప్రిల్లో మా ఫ్రిజ్ కింది అరల్లో పాలు విరగడం మొదలైంది. పైన ఫ్రీజర్లో బఠాణీలు మాత్రం గులకరాళ్ళలా ఉన్నాయి. పైన హిమాలయం, కింద ఉక్కపోత. మొదట వచ్చిన ఒడియా మెకానిక్ తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టి, "గ్యాస్ సొరిగొలా" అన్నాడు. నమ్మకం కుదరక ఆంధ్రా వైపున్న పాతపట్నం నుంచి ఇంకొకాయన్ని పిలిపించాను. ఆయన "గేసు అయిపోనాది బాబూ" అన్నాడు. వంశధార నీళ్ళ దగ్గర రెండు రాష్ట్రాలకీ పొసగక 2010లో ట్రిబ్యునల్ వేయాల్సి వచ్చింది. సరిహద్దులోని కొటియా ఊళ్ళు ఎవరివన్న గొడవ దశాబ్దాలుగా నలుగుతోంది. మా ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క పూటలో అంతర్రాష్ట్ర ఒప్పందం కుదిరిపోయింది.

ఆ పాతపట్నం ఆయన పరీక్ష చేసిన తీరు చూసి తీరాలి. తెచ్చిన సామాను ఒక స్క్రూడ్రైవరు, ఒక గ్యాసు డబ్బా. స్క్రూడ్రైవరు జేబులోంచి బయటికి రాలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఫ్రిజ్ పక్కన గొంతుకూర్చుని, జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద వేసినట్టు దాని వీపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చెవి ఆనించాడు. మేడ మీద అద్దెకుండేవాళ్ళూ, ఎదురింటి రిటైర్డ్ మాస్టారూ, వీధిలో పిల్లలూ వంటగదిలో చేరిపోయారు. చీమ చిటుక్కుమన్నా వినపడే నిశ్శబ్దం. ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది.

"ఎన్నేళ్ళయ్యింది బాబూ?"

"నాలుగు."

పాపం చిన్న వయసే అన్నట్టు నిట్టూర్చాడు. "స్టెబిలైజరు ఉందా?"

"ఉంది."

"ఉన్నా అంతే."

మాస్టారు గొంతు సవరించుకుని, తమ్ముడిగారి ఫ్రిజ్ కూడా సరిగ్గా ఇలాగే పోయిందని సంతాపం ప్రకటించారు. మా అత్తగారు కళ్ళు తుడుచుకుంది. (ఉల్లిపాయలు తరుగుతోంది లెండి.) పరీక్ష ముగిసింది. గేసు. రెండున్నర వేలు.

నేను ఉండబట్టలేక అడిగాను: "గ్యాసు లేకపోతే మరి పైన ఇంత ఐసు ఎలా కట్టిందయ్యా?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అది పాత ఐసు బాబూ."

పాత ఐసు! పాత బియ్యం విన్నాం, పాత చింతపండు విన్నాం. ఏప్రిల్ ఎండలో గ్యాసు లేని ఫ్రిజ్‌లో చెక్కు చెదరకుండా కూర్చున్న పాత ఐసు మా ఇంట్లో దొరికింది. మ్యూజియం వాళ్ళకి కబురు పెడదామనుకున్నాను.

కంపెనీకి ఫోన్ చేయొచ్చుగా అంటారు. చేశాను. తెలుగుకి నొక్కమన్న అంకె నొక్కితే, మీ పిన్ కోడ్ ఒడిశాది కాబట్టి అటు చేయమన్నారు. అటు చేస్తే, బిల్లు ఆంధ్రాలో కొన్నది కాబట్టి ఇటు చేయమన్నారు. 1936లో ఒడిశా గీత గీసిన మహానుభావులు రాజులనీ జమీందార్లనీ అందరినీ సంప్రదించారు గానీ ఫ్రిజ్ వారంటీ గురించి ఒక్క ముక్క ఆలోచించలేదు. పోనీ తెలుగు మాన్యువల్ ఉందిగా అని తెరిస్తే, "తుషార నివారణ వ్యవస్థ వైఫల్యము సంభవించినచో అధీకృత సేవా ప్రతినిధిని సంప్రదించవలెను" అని ఉంది. వాడుక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది! సవర భాషకి వ్యాకరణం రాసిన మనిషి కూడా ఆ మాన్యువల్ ముందు తల పట్టుకునేవారు.

సరే, నేనే దిగాను. ప్లగ్గు పీకి, సామాను ఖాళీ చేసి, ఫ్రీజర్ వెనక ఉన్న ప్లాస్టిక్ పలక మరలు విప్పాను. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో అసలు చల్లదనం పుట్టేది ఆ పలక వెనక కాయిల్ దగ్గరే. అక్కడి చిన్న ఫ్యాను ఊదితేనే కింది అరలకి చల్లగాలి దిగుతుంది. కాయిల్‌కి మంచు పడుతూనే ఉంటుంది కాబట్టి, కొన్ని గంటలకోసారి కంప్రెసర్ ఆగి, ఒక హీటరు రాజుకుని దాన్ని కరిగిస్తుంది. మా ఇంట్లో ఆ కరిగించే పని ఎప్పుడో ఆగిపోయింది. కాయిల్ కనపడటం లేదు, తెల్లటి గోడ కనపడుతోంది. గాలికి సందు లేదు. నిజంగా గ్యాసు తగ్గి ఉంటే కాయిల్ మొదట్లో కాస్త మంచు పట్టి మిగతాది బోడిగా ఉండేది.

మా బావమరిది చాకు పట్టుకొచ్చి పొడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కాయిల్‌కి చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాసు పోయి, ఆ పాతపట్నం ఆయన మహర్షి అయిపోతాడు. ఒక రోజంతా తలుపులు బార్లా తెరిచి, దానంతట దాన్నే కరగనిచ్చాం. మల్టీమీటరు పెడితే హీటరు బాగానే పలికింది. దాని పక్కన కాయిల్‌కి తగిలించి బైమెటల్ అని రూపాయి బిళ్ళంత ముక్క ఉంటుంది. మామూలు వేడిలో అది తెరుచుకునే ఉంటుంది, గడ్డకట్టే చలిలో మూసుకుని హీటరుకి కరెంటు పంపాలి. ఉప్పు కలిపిన ఐసులో ముంచి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కొత్తది నూట ఎనభై రూపాయలు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం, బాగానే ఉంది. మా వీధి చివర ఒకావిడ పాత ఫ్రిజ్ ఒకటి పెట్టుకుని పెరుగూ మజ్జిగా అమ్ముకుని ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఈ వేసవిలో రెండుసార్లు గ్యాసు ఎక్కించారు ఆవిడకి. ఐదు వేలు. నేను వెళ్ళి తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి లాగితే అడ్డూ ఆపూ లేకుండా వచ్చేసింది. తలుపు రబ్బరు ఎండి బిగుసుకుపోయింది, చలి అంతా బయటికి పోతోంది. అంతే రోగం! ఒరే, ఇంట్లో ఫ్రిజ్ అంటే సీలు వేసిన గొట్టంరా. అందులో గ్యాసు తిరుగుతుంది తప్ప పొయ్యిలోలా తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ లీకు వెతికావా? అతికావా? గొట్టాల్లో గాలి లాగేశావా? 50, 60 గ్రాములు పట్టే చోట కాటా పెట్టి తూచావా? ఈ రోజుల్లో చాలా ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఏ అగ్గిపుల్లకి అంటుకునే గ్యాసు. కిటికీ లేని ఆ వంటగదిలో, పిల్లలు పక్కనుండగా, గొట్టాలు అతికే మంట టార్చి వెలిగించావే, చేతులెలా వచ్చాయిరా నీకు? ఐదు వేలంటే ఆవిడ ఎన్ని గ్లాసుల మజ్జిగ అమ్మాలో ఎప్పుడైనా లెక్కేశావా?

సరే. మా ఫ్రిజ్ బాగైంది. పాలు విరగడం లేదు. సాయంత్రం మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఎదురింటి మాస్టారికి గర్వంగా చెబుతోంది: "మెకానిక్కులెందుకండీ, మా అల్లుడు ఇంట్లోనే గ్యాసు ఎక్కించేశాడు!"

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే వీధిలోవాళ్ళు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ఫ్రిజ్‌లకీ కాస్త గ్యాసు ఎక్కించాలట. నాకు ఛాతీలో ఏదో పట్టేసినట్టయి అరుగు మీద కూలబడ్డాను. అత్తగారు లోపలికి పరిగెత్తి వాము తెచ్చి నా చేతిలో పోసింది.