175 గుర్రాలు, ఒక ల్యాప్‌టాప్ సంచి

బోయినపల్లి మార్కెట్ యార్డులో టమాటా ట్రేలు దింపిస్తున్న టాటా ఏస్ యజమాని ఒకాయన నాకు తన జేబు పుస్తకం చూపించారు. ఒక గడిలో ట్రిప్పులు, ఒక గడిలో డీజిల్. చివరి గడి పేరు ‘షెడ్డు’. బండి మెకానిక్ దగ్గర ఎన్ని రోజులు పడి ఉందో అందులో ఎర్ర సిరాతో రాసుకుంటారు. "పికప్ ఎంతుంటే ఏం లాభం సార్? బండి నిలబడిన రోజు కిరాయి ఆగుతుంది, కిస్తీ ఆగదు" అన్నారు. బండి కొనేటప్పుడు శక్తి, ధర, మన్నికల్లో దేనికి ఎంత తూకం ఇవ్వాలో ఆ మాటే నన్ను ఆలోచింపజేసింది.

2005లో వచ్చిన తొలి ఏస్‌ది రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజిన్. శక్తి 16 హార్స్‌పవర్. దానితోనే 750 కిలోలు మోసేది. కొండాపూర్ నుంచి గచ్చిబౌలికి పాకే స్కార్పియో-ఎన్ డీజిల్ ఎస్‌యూవీ ఖరీదైన రకాలలో 175 గుర్రాలు, అంటే అన్ని హార్స్‌పవర్లు ఉంటాయి. చాలా ఉదయాలు అవి లాగేది ఒక మనిషిని, ఒక ల్యాప్‌టాప్ సంచిని. ఎగతాళి చేసే అర్హత నాకు లేదు, అలాంటి బండి ఒకటి నా దగ్గరా ఉంది.

ఏ కంపెనీదో చెప్పను. రోజూ తొమ్మిది కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణానికి కొన్న డీజిల్ ఎస్‌యూవీ అది. ఏడాది తిరగకముందే డ్యాష్‌బోర్డుపై పసుపు లైటు వెలిగింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి చేరింది. పట్టిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పరుగెత్తాలి. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు కదిలే బండికి ఆ యోగం ఎక్కడిది? "అరగంట ఔటర్ రింగు రోడ్డు మీద తిప్పి తీసుకురండి" అన్నారు సర్వీసు సెంటరులో. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు నాకు ఇలా పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు. టోలు కట్టి మరీ మసి కాల్చుకుని వచ్చాను. బండిలో లోపం లేదు, దానిని ఎంచుకోవడంలోనే ఉంది.

నగరంలో ఇంజిన్ ఎక్కువగా తిరిగేది నిమిషానికి 2,000 చుట్ల (ఆర్‌పీఎం) లోపే. గరిష్ఠ హార్స్‌పవర్ దానికి చాలా పైన ఎక్కడో ఉంటుంది. కాబట్టి మనకు కావలసింది అడుగు నుంచే అందే లాగుడు, అంటే టార్క్. బొలెరోలో ఉన్నది 75 గుర్రాలే, అయినా టార్క్ 210 న్యూటన్ మీటర్లు. పల్లెల్లో దానికున్న పేరు అందరికీ తెలిసిందే. అలాగని శక్తి దండగ అనను. ఏడుగురిని ఎక్కించుకుని నల్లమలలో శ్రీశైలం ఘాటు ఎక్కుతూ బస్సును దాటవలసి వస్తే ఆ అదనపు గుర్రాలే ప్రాణం కాపాడతాయి. అయితే ఆ దారిన ఏడాదికి ఎన్నిసార్లు వెళతామో ఎవరికి వారు లెక్క వేసుకోవాలి.

ధర సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీలు, సరుకు వాహనాల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, ఇంజిన్ పెట్రోలులో 1,200, డీజిల్‌లో 1,500 సీసీ దాటని కార్లకూ 18 శాతమే. ఆ గీత దాటిన పెట్రోలు, డీజిల్ ఎస్‌యూవీలకు 40. ఆ పైన రాష్ట్రం తీసుకునే జీవితకాల పన్ను వేరు. షోరూము ధర 18 లక్షలుంటే ఆ ఒక్క పద్దే మూడు లక్షలు దాటుతుంది.

మన్నిక దగ్గరే అసలు చిక్కు. హార్స్‌పవర్ బ్రోచర్లో ఉంటుంది, ధర బోర్డు మీద ఉంటుంది, షెడ్డు రోజులు ఎక్కడా అచ్చువేయరు. నేనైతే శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి ట్యాక్సీల వరుస చూస్తాను. ఇన్నోవా క్రిస్టా డీజిల్‌ది 150 గుర్రాలే, ధరేమో తక్కువ కాదు. అయినా సొంత డబ్బు పెట్టి తిప్పుకునే వాళ్లు దాన్ని వెతుక్కుని మరీ కొంటున్నారంటే ఆ జేబు పుస్తకంలో చివరి గడి ఖాళీగా ఉంటుందన్నమాట. కొత్తగా విడుదలైన మోడల్‌ను మొదటి ఏడాది కొనకపోవడం కూడా నా చాదస్తాల్లో ఒకటి. రాణిగంజ్ దుకాణాల్లో దాని విడిభాగాలు దొరకడం మొదలైన తరువాతే అడుగు వేస్తాను.

మొన్న ఒక షోరూములో అడిగాను, ముందు లైటు పగిలితే కొత్తది రావడానికి ఎన్ని రోజులు పడుతుందని. ఆ కుర్రవాడు కాసేపు ఆలోచించి, సన్‌రూఫ్ తెరిచి చూపించాడు.