తామరొచ్చిన పిల్లిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుంటాను, మీకేటి?

పొద్దున్న మేడ మీద తాడుకి ఆరేసిన గుడ్డలు ఇప్పుడు వెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకు పక్కన బురదలో పడున్నాయి. గాలికి పడినవి కావు. కర్రతో తోసేశారు, ఆ కర్ర కూడా అక్కడే ఉంది. కిందకి దిగేసరికి మా ఓనరు పిన్నిగారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. "ఏటమ్మా, ఆ గజ్జి పిల్లుల గుడ్డలు తెచ్చి మా బట్టల పక్కన ఆరేస్తావేటి? తొలేళ్ల పండక్కి చుట్టాలొస్తారు, చిన్నపిల్లలు తిరిగే ఇల్లిది. అంటుకుంటే ఎవులు సూస్తారు?" అన్నారు. అంతటితో ఊరుకున్నారా? నా గుమ్మం ముందు నల్ల ఫినాయిల్ చిక్కగా పోసేసి వెళ్లారు. నీళ్లు కూడా కలపలేదు.

ఒళ్లు మండిపోతోంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పిల్లులంటే ప్రేమ ఉన్నవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీ ఓనర్లూ మీ పక్కింటివాళ్లూ ఇలాంటివాళ్లే అని నాకు తెలుసు.

ముందు ఆ ఫినాయిల్ సంగతి. పిల్లి ఒంటికి ఫినాయిల్ విషం. అందులో ఉండే ఫినాల్ లాంటి పదార్థాల్ని మన కాలేయం విరిచి బయటికి పంపించగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. పాదాలకి అంటిన ఫినాయిల్‌ని పిల్లి నాకేస్తుంది. ఒళ్లు నాక్కోకుండా ఏ పిల్లీ ఉండదు కదా. అరకిలో కూడా లేని పిల్లకి అదెంత ప్రమాదమో ఆలోచించండి. ఇంకోటి కూడా చెప్పేస్తాను, పారాసెటమాల్ మాత్ర కూడా పిల్లిని చంపేస్తుంది. "జొరం ఉంటే సగం ముక్క వెయ్యమ్మా" అని నాకు చెప్పినవాళ్లున్నారు, అందుకే చెప్తున్నాను. కిరసనాయిలు రాయమన్నవాళ్లూ ఉన్నారు, బండి ఇంజన్లోంచి తీసిన నల్ల ఆయిలు రాయమన్నవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ మనుషులు నోటికొచ్చినట్టు చెప్పేసి వెళ్లిపోయే మాటలు. చచ్చేది మాత్రం ఆ పిల్ల.

ఈ మూడు పిల్లిపిల్లల్నీ మా విజయనగరం గంటస్తంభం వైపు మార్కెట్లో మూసేసిన షాపు షట్టరు కింద నుంచి తెచ్చుకున్నాను. వాన, తల్లి లేదు, కళ్లకి పుసులు. అంతకంటే చెప్పడానికేం లేదు. ఒకటి చింతపిక్క, ఒకటి బెల్లం, మూడోదానికి ఇంకా పేరు కుదర్లేదు. తెచ్చిన కొన్నాళ్లకి చింతపిక్క చెవి అంచున వెంట్రుకలు రాలి గుండ్రంగా పొట్టు లేచింది. తర్వాత బెల్లం ముక్కు మీద, పాదం మీద. తర్వాత నా ముంజేతి మీద ఒక ఎర్రటి వలయం.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ కూర్చున్నాయన డబ్బా మూత తియ్యకుండానే "పిల్లులకి మందుల్లేవమ్మా, గేదెలకైతే ఉన్నాయి" అన్నాడు. ఇదే జిల్లాలో, చీపురుపల్లి దారిలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అంటే ఇక్కడ పశువైద్యం చదివే పిల్లలున్నారు, చెప్పే ప్రొఫెసర్లున్నారు. అయినా మన ఊళ్లో పిల్లిని పట్టుకెళ్తే మనిషిని ఎగాదిగా చూస్తారు. చివరికి ఓపికగా చూసే డాక్టరమ్మ దొరికారు. గదిలో లైట్లు ఆర్పించి ఊదారంగు దీపం పట్టుకుని చూపించారు. చింతపిక్క చెవి చుట్టూ వెంట్రుకలు లేత ఆకుపచ్చగా మెరిశాయి. పిల్లుల్లో ఎక్కువగా తామర తెచ్చే బూజు మైక్రోస్పోరమ్ కానిస్, ఆ దీపం కింద అది అలా మెరుస్తుందట. గజ్జి వేరు, అది కంటికి కనపడని పురుగు వల్ల వస్తుంది. తామర బూజు. పిన్నిగారికి ఇదంతా చెప్పాను. "ఏదైతే ఏటి, రోగం రోగమే" అన్నారు.

రోగమే, నేను కాదన్లేదు. అంటుకుంటుంది, అదీ కాదన్లేదు. రాలిన వెంట్రుకల్లో ఆ బూజు గింజలు ఏడాది పైన కూడా బతకగలవు. అందుకే కదండీ ఇంత చాకిరీ! వాటి గదిలోకి వెళ్లడానికి నాకు వేరే పొడుగు చేతుల చొక్కా, బయటికి రాగానే అది బకెట్లోకి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా. నేల ముందు సబ్బునీళ్లతో తోమి, ఆ తర్వాతే నీళ్లు కలిపిన బ్లీచ్, అది ఆరాకే పిల్లలు గదిలోకి. చాప మీద అంటిన వెంట్రుకలకి వెడల్పాటి టేపు. గుడ్డలు వేరే బకెట్లో నానబెట్టి, ఉతికి, మళ్లీ ఉతికి ఎండలో వేస్తున్నాను. బురదలో పడేసినవి ఆ గుడ్డలే. ఆ తాడు మీదున్న అన్ని బట్టల్లోకీ శుభ్రమైనవి అవే, రాసిస్తాను.

అసలు నన్ను కాల్చేసేది ఇది కాదు. "మందు వెయ్యి, కాదన్లేదు. ఒళ్లో ఎందుకు పెట్టుకుంటావ్? తగ్గేదాకా ఒక మూల అట్టపెట్టెలో ఒగ్గేయ్" అంటారే, ఆ మాట. పిన్నిగారొక్కరే కాదు, చదువుకున్నవాళ్లు కూడా అదే అంటున్నారు. మా మేనత్త ఫోన్లో "ఆడపిల్ల చేతికి మచ్చలేటే, రేపు సంబంధం వాళ్లు చూస్తే?" అంది. ఆవిడకి నా చెయ్యి కనపడింది గానీ ఆ చేతిలో ఏముందో కనపడలేదు.

పిల్లిపిల్ల పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఉండే కాలం దాని బతుకంతటికీ ముఖ్యం. మనిషి చెయ్యి అన్నం పెట్టే చెయ్యో, కొట్టే చెయ్యో అది అప్పుడే నిర్ణయించుకుంటుంది. ఆ వారాల్లో మనిషి స్పర్శ తెలియని పిల్లి పెద్దయ్యాక మనిషిని చూస్తే పారిపోతుంది, లేదా రక్కుతుంది. అప్పుడు ఏ ఇంట్లోనూ దానికి చోటు దొరకదు. తామర పూర్తిగా తగ్గడానికి ఎంత లేదన్నా నెలన్నర, రెండు నెలలు. లెక్క మీరే వేసుకోండి. "తగ్గాక ముద్దు చేద్దువుగాని" అంటే ఆ కాలం మొత్తం అట్టపెట్టెలో పోతుంది. తామర తగ్గుతుంది, పిల్లి మాత్రం పనికి రాకుండా పోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి తామర మందు లేకుండా కూడా కొన్ని నెలలకి దానంతటదే తగ్గొచ్చు. ఇతరులకి అంటకుండా, త్వరగా పోవడానికే మందు. కానీ మనిషంటే భయం పట్టుకున్న పిల్లికి ఏ షాపులో మందు దొరుకుతుంది?

వైద్యం చెయ్యడానికైనా ముట్టుకోవాలి కదా! బూజుని చంపే నోటి మందు ఇట్రాకొనజోల్ ఒక వారం ఇచ్చి, ఒక వారం ఆపి, మళ్లీ ఇవ్వాలి. సూది తీసేసిన సిరంజితో చెంప పక్క నుంచి చుక్క చుక్క వెయ్యాలి. షాంపూ స్నానం ఇంకా కష్టం. గోరువెచ్చటి నీళ్లు, మైకొనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ, నురగ పట్టించి పది నిమిషాలు అలాగే ఉంచాలి. చింతపిక్క మొదట్లో నన్ను చూస్తే వీపు పైకి లేపి ఉస్సుమనేది, బొటనవేలు కొరికి పెట్టింది. ఆ పది నిమిషాలూ దాన్ని ఎక్కడ పెట్టాలి? బకెట్లో వదిలేస్తే చలికి వణుకుతుంది, నురగ నాకేస్తుంది. అందుకని ఎడమ చేతిని దాని పొట్ట కింద పెట్టి, ఛాతీకి ఆనించుకుని, బాత్రూం గట్టు మీద కూర్చుంటాను. మొన్న అలా కూర్చుంటే వణుకు ఆగింది. ముఖం తెచ్చి నా మోచేతి మడతలో దూర్చేసింది. గుర్రుగుర్రుమని మొదలుపెట్టింది. మొదట నాకు వినపడలేదు, నా పక్కటెముకలకి తెలిసింది. నురగతో తడిసిన ముందు కాళ్లతో నా చొక్కాని నొక్కుతూ, బొత్తాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది, తల్లి దగ్గర చేసినట్టు. ఇప్పుడు షాంపూ సీసా చప్పుడు వింటే పారిపోదు, ముందే వచ్చి గట్టు కింద కూర్చుంటుంది. దీన్ని మూలన పెట్టమంటారా?

ఇంకో సలహా కూడా వచ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. "గోనెలో కట్టి పెద్ద చెరువు గట్టున ఒగ్గేసి బేగి వచ్చేయ్, చంపితే పాపం గానీ వదిలితే పాపమేటి?" పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మన పెద్దలు భయపెట్టారు కదా. ఆ భయంతో ఎవరూ చంపరు. సంచి మూతి కట్టేసి, స్కూటర్ మీద తీసుకెళ్లి, ఊరవతల విప్పేసి, చేతులు దులుపుకుని వస్తారు. చంపే పని ఆకలికీ కుక్కలకీ అప్పజెప్పి, మనం పాపం చెయ్యలేదని దేవుడి గదిలో దీపం పెట్టుకుంటారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం ఆకలితో దాహంతో అలమటించేలా జంతువుని వదిలేయడం కూడా నేరమే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. యాభై రూపాయలు! ఆ ప్రాణం ఖరీదు ఒక ప్లేటు టిఫిను. ఎవరు భయపడతారు?

తల్లిపిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఈ మూడింటికీ తిప్పడానికి తల్లి లేదు, నేనున్నాను. నాకేమో ఏడిళ్లు కాదు, ఈ ఊళ్లో పిల్లులున్నాయని చెప్తే ఒక్క ఇల్లు కూడా అద్దెకివ్వరు.

ఇంతకీ పిన్నిగారింట్లో తామర లేదా? ఉంది. పెద్దబ్బాయికి నడుము దగ్గర బెల్టు కింద, నా పిల్లులు రాకముందు నుంచీ ఉంది. ఆ అబ్బాయి తువ్వాలు కూడా అదే తాడు మీద ఆరుతుంది. దాన్ని ఎవరూ కర్రతో తోయరు. వానాకాలం ఉక్కలో మన వైపు ఎన్ని ఇళ్లల్లో నడుం కింద, తొడల మధ్య ఇది లేదో చెప్పండి. ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్లరు. మెడికల్ షాపుకెళ్లి "దురదకి ట్యూబివ్వు బావూ" అంటారు. వాడు మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు తీసిస్తాడు, అందులో స్టెరాయిడ్ ఉంటుంది. క్లోబెటాసాలో, బీటామెథాసోనో. రాసిన రెండ్రోజులకి ఎరుపు పోతుంది, దురద పోతుంది. బూజు పోదు. స్టెరాయిడ్ చర్మం పోరాడే శక్తిని తొక్కిపెట్టేస్తుంది, ఆ నీడలో బూజు హాయిగా పాకుతుంది. ట్యూబు ఆపగానే రెండింతలై బయటపడుతుంది. మళ్లీ ట్యూబు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు కొన్నింటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మీరెవరైనా చీటీ చూపించి కొన్నారా? మనుషుల్లో ఇప్పుడు మొండిగా తిరుగుతున్న తామరలో ఒక రకానికి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని మన దేశం పేరే తగిలించారు. అది మనిషి నుంచి మనిషికి అంటుకునేది. దానికి నా చింతపిక్క ఏం చేసింది?

ఇది రాస్తుంటే ఇంటర్‌లో హాస్టల్లో నా పక్కన పడుకునే అమ్మాయి గుర్తొస్తోంది. పార్వతీపురం వైపు నుంచి వచ్చింది, మెడ మీద తామర. హాస్టల్లో దాని చాపని వరండాలోకి నెట్టేశారు. దానికి వేరే బకెట్టు, వేరే మగ్గు, అన్నం దగ్గర వేరే వరస. ఎవరో ఇలాంటి ట్యూబే తెచ్చిచ్చారు. ముందు తగ్గింది, తర్వాత మెడ నుంచి చెంప మీదకి పాకింది, చర్మం పల్చబడిపోయి ఎండలోకి వెళ్తే మండేది. రాత్రిళ్లు నేను వరండాలోకి వెళ్లి దాని పక్కన కూర్చునేదాన్ని. "నన్ను ముట్టుకోకే, నీకొస్తాది" అని అదే దూరం జరిగేది. అదండీ జరిగేది! అందరూ దూరం పెడితే చివరికి ఆ పిల్ల తనని తానే దూరం పెట్టుకుంటుంది. సంక్రాంతి సెలవులకి వెళ్లింది, మళ్లీ రాలేదు. చదువు పోయింది. సరైన డాక్టరు చూసి, సరైన మందు రాసి, ఇష్టంగా ఎవరైనా ఆ మందు మెడకి రాసి ఉంటే నయమైపోయే జబ్బుకి ఒక ఆడపిల్ల చదువు పోయింది.

అందుకే ఎవరు "పక్కన పెట్టు" అన్నా నాకు పడదు. మనిషినైనా, పిల్లినైనా.

నా ముంజేతి మీది వలయం డాక్టరు రాసిన క్లోట్రిమజోల్ పూతమందుతో మానుతోంది, అడిగినవాళ్ల కోసం చెప్తున్నాను. ఇంట్లో పసిపిల్లలో, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లో ఉంటే ఈ పని మీ ఇంట్లో పెట్టుకోవద్దు, అదీ నిజమే చెప్తున్నాను. మిగతావాళ్లు చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కుని, హాయిగా ఎత్తుకోవచ్చు.

మందు అయ్యాక, వెంట్రుకలు ల్యాబుకి పంపి బూజు లేదని తేలాక ఈ మూడింటికీ ఇళ్లు చూస్తాను. విజయనగరం, శ్రీకాకుళం, వైజాగ్, ఎక్కడైనా నేనే తెచ్చిస్తాను. చింతపిక్క, బెల్లం విడివిడిగా వెళ్లవు, కలిపే తీసుకోవాలి. తామర వచ్చిన పిల్లులా అని ముఖం చిట్లించేవాళ్లు దయచేసి నాకు మెసేజ్ చెయ్యకండి.